సేవకు వచ్చినవారికి సేవ చేసేదెవరు?

ప్రతి యేడూ డిసెంబరు దగ్గరపడుతుండగా నాకు ఒకే మూసలో పోసినట్టుండే జాబులు కొన్ని వస్తాయి. "రెండు వారాలు సెలవు దొరికింది. మన గుంటూరు వైపు పల్లెల్లో అనాథ పిల్లల హాస్టలేదైనా మీ ఎరుకలో ఉంటే చెప్పగలరు. వెళ్ళి కాస్త సేవ చేసి వద్దామని సంకల్పం." సంకల్పం మంచిదే. ఏ పూజకైనా మొదట సంకల్పమే చెప్పుకుంటాం. అయితే సంకల్పం చెప్పుకొని, అక్షతలు చల్లుకొని, ప్రసాదం తీసుకొని వెళ్ళిపోతే దాన్ని పూజ అనరు.

ఇన్నేళ్ళూ "కనుక్కొని చెబుతాను" అని తప్పించుకుంటూ వచ్చాను. ఈసారి రాసినది మా మేనకోడలు. దానికి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "వద్దమ్మా, వెళ్ళకు" అన్నాను. "ఎందుకు మామయ్యా?" అన్నది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు ఇంత పొడుగున తేలింది. పనిలో పనిగా మీకూ వినిపిస్తున్నాను. కోపం వచ్చినవారు వ్యాఖ్యల పెట్టెలో నిస్సంకోచంగా తిట్టవచ్చు. తిట్లకు నేను అర్హుణ్ణే. ఎందుకంటే నేనూ ఒకప్పుడు వెళ్ళినవాణ్ణే.

2008 జనవరిలో వెళ్ళాను. ఆరు వారాలున్నాను. నల్లరేగడి నేలల నడుమ, ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప, మధ్యలో ఒక మిషను హాస్టలు. ఊరి పేరు, సంస్థ పేరు చెప్పను. చెప్పి ప్రయోజనం లేదు, ఆ పేరు తీసి ఇంకో పది పేర్లు అక్కడ పెట్టినా ఈ కథలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. అన్నట్టు, ఇది మిషనులమీద ఫిర్యాదు అని సంబరపడబోయేవారు కాస్త ఆగండి. మన ప్రవాస సంఘాల దత్తత గ్రామాలు, గుడి ట్రస్టుల బాలల ఆశ్రమాలు, కంపెనీల "ఒకరోజు సేవ" కార్యక్రమాలు, అన్నీ ఈ తాను గుడ్డలే.

* * *

నేను దిగేసరికి పిల్లలు రెండు వరసలుగా ఎండలో నిలబడి ఉన్నారు. నా బస్సు రెండు గంటలు ఆలస్యం. కనకాంబరాల దండ వేశారు. స్వాగతగీతం పాడారు. కళ్ళు చెమర్చాయి. "ఎంత ప్రేమ!" అనుకున్నాను. బడి వేళ గదా, వీరంతా ఇక్కడెందుకున్నారు అన్న అనుమానం ఆ రోజు రాలేదు. ఆ ఆరు వారాల్లో మరి మూడు జట్లు వచ్చాయి. అదే పాట, అవే కనకాంబరాలు. రెండో జట్టు నాటికి నేనూ వరసలో నిలబడి పాడాను. నాలుగో జట్టు వచ్చేసరికి పిల్లలకంటే నాకే బాగా వచ్చింది.

సేవ మరునాడు మొదలైంది. ఏం చెయ్యమంటారని వార్డెనుగారిని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి "తూర్పుగోడకు రంగు వెయ్యండి సార్" అన్నారు. మూడు రోజులు వేశాను. నిమ్మపండు రంగు. నాలుగోనాడు ఆ గోడకు క్యాలెండరు తగిలిద్దామని మేకు కొడితే మేకు లోపలికి పోలేదు, రంగు మాత్రం అరచెయ్యంత పెచ్చు ఊడి కిందపడింది. ఆ పెచ్చును చేతిలోకి తీసుకొని చూస్తే చెట్టు మొదలులో వలయాల్లాగా పొరలు! నీలం, గులాబి, ఆకుపచ్చ, మళ్ళీ నీలం. ఒక్కొక్క పొర ఒక్కొక్క సేవకబృందం. నాకు ముందువాళ్ళు దీపావళి వెళ్ళాక వచ్చి వేసిపోయారట. "మరి ఆ గోడకే ఎందుకండీ?" అని అడిగితే వార్డెనుగారు నావైపు జాలిగా చూసి, "ఆ గోడకైతే నీడ ఉంటుంది సార్. మీరు ఎండకు తట్టుకోలేరు" అన్నారు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఆ ఊళ్ళో సున్నాలు వేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. హాస్టలుకు యేటా సంక్రాంతి ముందు వెల్ల వేసే పని ఆయనదే. వారం రోజుల కూలి. మాబోటివాళ్ళం ఉచితంగా వెయ్యడం మొదలుపెట్టాక ఆ పని పోయింది. ఆయన మనవడు ఆ హాస్టల్లోనే చదువుతున్నాడు. అంటే తాత కూలి పోగొట్టి మనవడికి సేవ చేశానన్నమాట. పైగా ఆయన ఒకరోజు వచ్చి, నా పనితనం చూసి, "కుంచె పైనుంచి కిందకు దించాలి బాబూ" అని నేర్పించి వెళ్ళాడు. దానికీ కూలి ఇవ్వలేదు.

తరువాత మూటలు వచ్చాయి. సముద్రాలవతల నుంచి దయగలవారు పంపిన దుస్తులు. విప్పితే ఉన్నిటోపీలు! చెవులు మూసుకునేవి, కొసన కుచ్చులున్నవి, నూట యాభై. మే నెలలో ఎండకు గేదెలు కాలువలోంచి లేవని ప్రాంతమిది. పంచిపెట్టి ఫోటో తియ్యాలన్నది షరతు. పిల్లలందరికీ టోపీలు పెట్టి, మధ్యాహ్నం పూట వరసగా నిలబెట్టి, చెమటలు కారుతుంటే "నవ్వండి నవ్వండి" అని ఫోటో తీసిన పాపం నాదే. వారం తిరక్కుండా వంటామె వాటిలో ఒక డజను తీసుకొని పొయ్యిమీది గుండిగలు దించడానికి మసిగుడ్డలుగా వాడుకోవడం మొదలుపెట్టింది. "భలే మందంగా ఉన్నాయి బాబూ, చెయ్యి కాలట్లా" అని మెచ్చుకుంది. ఆ మూట మొత్తానికి అర్థవంతమైన వినియోగం అదొక్కటే.

* * *

ఇక చదువు చెప్పడం. తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుదామని ఉత్సాహంగా వెళ్ళాను. అక్షరమాలతో మొదలుపెట్టాను. అందరూ తప్పులు పలుకుతున్నారు, నేను దిద్దుతున్నాను, వాళ్ళు నేర్చుకుంటున్నారు. ఒక్క గంటలో ఎంత అభివృద్ధి! నాలో ఇంత గొప్ప ఉపాధ్యాయుడున్నాడని నాకే తెలియదు. ఆ సాయంత్రం ఏడో తరగతి పిల్ల ఒకతె బావి దగ్గర నన్ను పట్టుకొని రహస్యం చెప్పింది. "వచ్చినోళ్ళందరూ అక్కడినుంచే మొదలుపెడతారు సార్. వాళ్ళకు బాగా వచ్చు. రానట్టు ఉంటే మీరు సంతోషపడతారని."

అర్థమైందా? ఆ పిల్లలకు మనం పాఠం చెప్పడం లేదు. మన సంతోషం కోసం వాళ్ళు తెలియనట్టు నటిస్తున్నారు. వచ్చినవాడి మొహం చూసి వాడికేం కావాలో కనిపెట్టి, దాన్ని వాడి ముందు పెట్టే విద్య ఒకటి వాళ్ళకు నేర్పాం. ఏడ్చేవాడి దగ్గర ఏడవాలి, ముద్దుచేసేవాడి చెయ్యి పట్టుకోవాలి, వెళ్ళేటప్పుడు "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అనాలి. మళ్ళీ రారని వాళ్ళకు తెలుసు. తెలిసీ అడుగుతారు. పన్నెండేళ్ళ పిల్లకు ఇంత లౌక్యం అవసరమయ్యే చోటును మనం సేవాక్షేత్రమంటున్నాం.

రాత్రిళ్ళు ఉత్తరాల పని అప్పగించారు. ఒక్కొక్క పిల్లవాడికీ ఒక దాత, ఒక నంబరు. పిల్లలు తెలుగులో రాస్తే నేను ఇంగ్లీషులో పెట్టాలి. నూట ఇరవై ఉత్తరాల్లో నూట పద్దెనిమిది ఒకటే. నేను క్షేమం, మీ క్షేమం కోరుతున్నాను, బాగా చదువుతున్నాను, మీకోసం ప్రార్థిస్తున్నాను. ఒక నాలుగో తరగతివాడు మాత్రం నిజంగా ఉత్తరం రాశాడు. వాళ్ళ గేదె ఈనిందట. దూడ నుదుట తెల్లమచ్చ ఉందట. నాన్న ఆదివారం వచ్చి చెప్పాడట. నాకు ప్రాణం లేచివచ్చింది. శ్రద్ధగా అనువదించి వార్డెనుగారికి చూపించాను. ఆయన చదివి, ఎర్రసిరా కలం తీసి, "గేదెను ఉండనివ్వండి సార్. నాన్నను తీసెయ్యండి" అన్నారు.

అనాథల పట్టీలో ఆ పిల్లవాడికి నాన్న లేడు. నాన్న ఉంటే దాత లేడు. దాత లేకపోతే అన్నం లేదు.

ఆ వార్డెనును దుర్మార్గుడని నేననను. ఆయనది నికృష్టమైన జీతం. నూట ఇరవై మంది నోళ్ళు. పేదపిల్లలకు అన్నం కావాలంటే దాతలు కదలరనీ, అనాథలకు కావాలంటేనే కదులుతారనీ ఆయన అనుభవంమీద తెలుసుకున్నాడు. అబద్ధం ఆయన రాశాడు, నిజమే. ఆ అబద్ధం రాయించుకున్నది మన గుండెల్లోని రుచి. తల్లిదండ్రులున్న పేదపిల్లవాడి కథ మనకు చప్పగా ఉంటుంది.

* * *

ఇదేదో మా ఊరి వింత అనుకోకండి. ఆఫ్రికాలో ఒక పల్లె మిషనుకు పిల్లల సేవకని వెళ్ళివచ్చిన మిత్రుడొకరు నాకు తన ఫోటోలు చూపిస్తే నోట మాట రాలేదు. అదే గోడ, అదే నిమ్మపండు రంగు, అదే పాట, అవే టోపీలు. ఒక్క చెట్లే తేడా. కంబోడియాలో 2011లో యూనిసెఫ్ తోడ్పాటుతో జరిగిన పరిశీలనలో అనాథాశ్రమాల్లోని పిల్లల్లో దాదాపు నాలుగింట మూడువంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. పర్యాటకులు పెరిగినకొద్దీ ఆశ్రమాలు పెరిగాయి గాని అనాథలు పెరిగి కాదు. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వంపై చట్టం చేసినప్పుడు ఈ అనాథాశ్రమ వ్యాపారం కూడా ఆ చర్చలోకి వచ్చింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ బాలల హక్కులపై చేసిన తీర్మానంలో ఆశ్రమాల్లో స్వచ్ఛందసేవ పేరిట జరిగే హానిని అరికట్టమని దేశాలను కోరింది. ఇంకా వెనక్కి వెళితే 1968 ఏప్రిల్‌లో ఇవాన్ ఇలిచ్ అనే పెద్దమనిషి, మెక్సికో పల్లెలకు సేవకు పోవడానికి ఉత్సాహపడుతున్న అమెరికా విద్యార్థుల సభకే వెళ్ళి, వాళ్ళ మొహంమీదే మీరు వెళ్ళవద్దని చెప్పాడు. ఆయన మా మేనకోడలికి మామయ్య కాదు గనుక అంత ధైర్యం చెయ్యగలిగాడు.

మరి ఈ నేలమీద బయటినుంచి వచ్చి పనిచేసినవారే లేరా అంటే, ఉన్నారు. వారిని గుర్తుచేసుకుంటే మనకు సిగ్గువేస్తుంది. హేయరు దొర 1842 జులై 31న గుంటూరు చేరాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై తొమ్మిది. బడులు పెట్టాడు, పల్నాడు వెళ్ళాడు, మధ్యలో స్వదేశం వెళ్ళినప్పుడు వైద్యం చదివి పట్టా పుచ్చుకొని మళ్ళీ వచ్చాడు. డాక్టరు ఆన్నా కూగ్లరు 1883లో వచ్చింది. గుంటూరులో ఆమె ఆసుపత్రి తెరుచుకున్నది 1898లో. అంటే తలుపు తెరవడానికే పదిహేనేళ్ళు పట్టింది. 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూసింది. ఒంగోలులో క్లౌ దొర సంగతి మరీ చెప్పుకోదగినది. 1876-78 నాటి ధాతు కరవులో ఆయన జనానికి టోపీలు పంచలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ గుత్త తానే తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలిపని చూపించాడు. కరవు నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారనే మాట పడకూడదని. కరవు తగ్గాక 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒకేరోజు 2,222 మందికి బాప్తిస్మమిచ్చారన్నది చరిత్రకెక్కిన సంగతి. వారి మతప్రచారాన్ని మీరు మెచ్చండి, మెచ్చకపొండి. దానిమీద వాదించుకోవడానికి వేరే టపాలున్నాయి. నేననేది ఒక్కటే. వాళ్ళు తెలుగు నేర్చుకున్నారు, ఈ ఎండ భరించారు, రెండువారాల తిరుగు టికెట్టు జేబులో పెట్టుకొని రాలేదు.

దొరలే ఎందుకు? 1922లో గుంటూరులోనే ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు ఆడవారి చదువుకోసం శారదా నికేతనం పెట్టారు. ఆయన మనకు మాలపల్లి నవలాకర్తగానే గుర్తు. నవల రాసిన చేత్తోనే నిత్యం చందాలెత్తి, లెక్కలు చూసి, తిట్లు తిని సంస్థ నడపడం ఎటువంటి పనో రాసేవాళ్ళం మనకు తెలియాలి. అది ఫోటోకు చిక్కే పని కాదు.

* * *

అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ హాస్యమాడాను. ఇక ఆడలేను.

మా ప్రాంతపు సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. గుంటూరు మిరపయార్డు పేరు వినని తెలుగువారుండరు. తేజ రకం ఎంత పలికింది, తాలుకాయ ఎంత పలికింది, ఎన్ని టిక్కీలు వచ్చాయి అన్నది రోజూ పత్రికల్లో పడుతుంది. ఆ కాయ కోసే చేతుల సంగతి ఎక్కడా పడదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు. ఆ పనికి ఇక్కడి కూలీలు చాలరు. పడమటి ప్రకాశం మెట్ట ఊళ్ళనుంచి, కర్నూలు వైపునుంచి మేస్త్రీలు కూలీలను లారీల్లో, ట్రాక్టర్లలో తోలుకొస్తారు. సంసారాలకు సంసారాలే కదిలివస్తాయి. చేలగట్లమీద ప్లాస్టిక్ పట్టాల గుడిసెలు. పనికి చెయ్యి వచ్చిన పిల్ల కోతకు, చెయ్యి రాని పిల్ల చంటివాళ్ళను ఆడించడానికి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసి గుంటూరులోంచి పల్నాడునూ, రెండు జిల్లాల తీరభాగంతో బాపట్లనూ వేరుచేశారు. హద్దురాళ్ళు మారాయి గాని ఆ లారీలు నడిచే దారి మారలేదు.

బావి దగ్గర నాకు రహస్యం చెప్పిన పిల్ల ఉంది గదా, సంక్రాంతి వెళ్ళిన వారానికి దాని తల్లి వచ్చింది. చంకలో నెలల పిల్లవాడు. బయట మేస్త్రీ ట్రాక్టరు ఆగి ఉంది. పిల్లను తీసుకుపోతానన్నది. నేను అడ్డం వెళ్ళాను. చదువు విలువ గురించి, ఆడపిల్ల భవిష్యత్తు గురించి నాకు తెలిసిన ఉపన్యాసమంతా ఇచ్చాను. ఆమె నిలబడి మర్యాదగా విన్నది. అంతా విని, తన రెండు చేతులూ చాపి చూపించింది.

"మిరపకాయ కోసిన చేతులు సారూ. కడుక్కున్నా మంట పోదు. ఈ చేతుల్తో చంటోణ్ణి ముట్టుకుంటే వాడు గుక్కపట్టి ఏడుస్తాడు. పాలిచ్చేదానికి కూడా పిల్లే వాణ్ణి పట్టుకోవాల. ఇది లేకపోతే వాణ్ణి ఎవురు చూసేది?"

నేను తడబడ్డాను. "మేము చూస్తామమ్మా, ఇక్కడ వదిలిపెట్టు" అన్నాను, ఏదో అనాలి గనుక.

"మీరు ఎన్నాళ్ళుంటారు సారూ?"

"ఇంకో పదిహేను రోజులు."

"కోతలు మూడు నెల్లు సారూ" అన్నది. కోపంగా అనలేదు. తెలియనివాడికి తెలియజెప్పినట్టు అన్నది.

ఆ పిల్ల పెట్టె సర్దుకున్నది. ఎవరో బృందం ఇచ్చిన రంగుపెన్సిళ్ళు నాలుగో తరగతివాడికి ఇచ్చేసింది. తమ్ముణ్ణి తల్లి చంకలోంచి తన చంకలోకి మార్చుకొని ట్రాక్టరెక్కింది. "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని నేనడిగాను. వాళ్ళు మమ్మల్నడిగే ప్రశ్న అది. ఆ పిల్ల నవ్వింది గాని జవాబు చెప్పలేదు.

ఆమె ఏప్రిల్లో తిరిగివచ్చిందో లేదో నాకు తెలియదు. ఎనిమిదో తరగతికి వెళ్ళిందో, పెళ్ళే అయిపోయిందో తెలియదు. తెలుసుకోవడానికి ఏప్రిల్లో నేనక్కడ లేను. నా వాదమంతా ఈ ఒక్క వాక్యమే. పనికివచ్చే మనిషి ఏప్రిల్లో అక్కడ ఉండాలి.

* * *

ఇప్పుడు రాబోయే అభ్యంతరాలకు ముందే జవాబులు రాసుకుంటాను.

"ఏమీ చెయ్యకపోవడంకన్నా ఎంతో కొంత చెయ్యడం మేలు గదా?" కాదు. దారి తెలియనివాడు బండి తోలడంకన్నా ఊరుకోవడమే మేలు. నేను చేసిన "ఎంతో కొంత" లెక్క చూడండి. సున్నాల తాతకు వారం కూలి నష్టం. నాలుగుసార్లు బడి మాని స్వాగతాలు. నాకు ప్రత్యేకంగా కాచిన తాగునీళ్ళు, కారం తగ్గించి వేరేగా వండిన కూర, అందుకోసం వంటామెకు రోజూ అదనంగా ఒక గంట చాకిరీ. ఆమె నెల జీతం 1,500 రూపాయలు. నా విమానం టికెట్టు 55,000. అంటే ఆమె మూడేళ్ళ జీతాన్ని గాలిలో ఖర్చుపెట్టి వచ్చి, ఆమెచేత కారం లేని కూర వండించుకొని, దానికి సేవ అని పేరు పెట్టుకున్నాను. ఎవరు ఎవరికి సేవ చేశారో మీరే తేల్చండి.

"పిల్లలు ఎంత సంతోషిస్తారో చూశావా?" చూశాను. వారం రోజులు చంకనెక్కించుకొని ఎనిమిదోరోజు దించి వెళ్ళిపోయేవాళ్ళు ఏడాదికి పదిమంది వస్తే ఆ పిల్లలకు మనుషులమీద ఏ నమ్మకం మిగులుతుంది? మీ ఇంటి పిల్లలతో ఇట్లా ఆడుకోవడానికి ఊరూ పేరూ తెలియనివాణ్ణి రానిస్తారా? కనీసం వాడెవడో, ఏమిటో విచారించకుండా? పేదపిల్లల దగ్గరికి వచ్చేసరికి ఏ విచారణా అక్కరలేకపోయింది.

"మా పిల్లలకు పేదరికమంటే ఏమిటో తెలియాలని తీసుకెళ్తున్నాం." అయ్యా, పేదపిల్లలు మన పిల్లలకు పాఠ్యపుస్తకాలు కారు. అంతగా తెలియాలంటే మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి ఎందుకు బడికి పోవడంలేదో కనుక్కోమనండి. టికెట్టు ఖర్చు కూడా కలిసివస్తుంది.

"అయితే హాస్టళ్ళు మూసెయ్యమంటావా?" ముమ్మాటికీ అనను. ఆ హాస్టలే లేకపోతే ఆ నూట ఇరవై మంది కూడా ఆ ట్రాక్టరులోనే ఉండేవారు. పిల్లల అన్నాన్ని దాతల మనస్సు కరగడంమీద వేలాడదీయవద్దంటున్నాను. ఆ దారం ఎంత సన్ననిదో 2017 మార్చిలో చూశాం. విదేశీ నిధులపై ప్రభుత్వం ఆంక్ష పెట్టడంతో కంపాషన్ ఇంటర్నేషనల్ సంస్థ ఈ దేశంలో పని ఆపేసింది. అప్పటికి దాని కింద లక్షా నలభై వేలమందికి పైగా పిల్లలున్నారు. తప్పు ఎవరిదన్న వాదన ఢిల్లీలో జరిగింది, కంచాలు మాత్రం పల్లెల్లో ఖాళీ అయ్యాయి. పిల్లల అన్నం హక్కుగా రావాలి. ఉన్నిటోపీతో తీసిన ఫోటోకు బదులుగా కాదు.

* * *

మరేం చెయ్యాలి? తిట్టి ఊరుకుంటే నేనూ రంగువేసి పోయినవాడితో సమానమే. కనుక నాకు తోచిన నాలుగు పనులు చెబుతాను. వీటిలో ఒక్కటీ ఫోటోకు బాగుండదని ముందే హెచ్చరిస్తున్నాను.

వలసకూలీల పిల్లలకోసం సీజనల్ హాస్టళ్ళు నడిపే ఏర్పాటు సర్వశిక్షా అభియాన్ కాలంనుంచీ ఉంది. 2018 తరువాత సమగ్రశిక్షలోనూ ఉంది. వలస ఎక్కడినుంచి మొదలవుతుందో ఆ ఊళ్ళో, సంక్రాంతికి ముందే తలుపు తెరుచుకుంటే అది పనికివస్తుంది. లారీ కదిలాక తెరిస్తే తాళంచెవి మిగులుతుంది. మీ మండలంలో ఎన్ని తెరిచారు, ఏ తేదీన తెరిచారు, ఎంతమంది చేరారు, వార్డెను జీతం ఏ నెలదాకా ముట్టింది? 2005 నాటి సమాచారహక్కు చట్టం కింద ఒక తెల్లకాగితంమీద తెలుగులో అడగవచ్చు. మనం రాసేవాళ్ళం. నెలకు నాలుగు టపాలు రాస్తాం. ఒక దరఖాస్తు రాయలేమా?

రెండోది, చంటిపిల్లల సంగతి. ఆ తల్లి నాకు చెప్పిన లెక్కలో అడ్డుపడినది తమ్ముడు. చేను దగ్గర, గుడిసెల దగ్గర, కోతలు సాగే ఆ మూడు నెలలూ చంటివాళ్ళను చూసుకునే ఒక ఆయా ఉంటే అక్క బడిలో ఉంటుంది. ఆ ఊళ్ళోనే చేతిలో పనిలేని పెద్దమ్మలున్నారు. వాళ్ళకు జీతమివ్వాలి. మీ టికెట్టు డబ్బు సరిగ్గా దీనికి సరిపోతుంది.

మూడోది, డబ్బిచ్చేవారు జీతాలకివ్వండి. గోడకు, బీరువాకు, శిలాఫలకానికి అందరూ ఇస్తారు. వంటామెకు, వార్డెనుకు, రాత్రి కాపలామనిషికి ఇచ్చేవాడు లేడు. ఏడాది పొడుగునా ఇవ్వండి. పిల్లల ఫోటో అడగకండి, ఉత్తరం అడగకండి. అడగవలసినవి రెండే. 2015 నాటి బాలల న్యాయచట్టం కింద ఆ సంస్థ నమోదైందా? లెక్కలు తనిఖీ అయ్యాయా? తల్లిదండ్రులున్న పిల్లవాణ్ణి ఉన్నట్టుగానే రాసే సంస్థకే ఇవ్వండి. అటువంటి సంస్థల ఉత్తరాలు మీకు కన్నీళ్ళు తెప్పించవు. అది వాటి నిజాయితీకి గుర్తు.

నాలుగోది, వెళ్ళితీరవలసిందే అనుకుంటే మీకు వచ్చిన పనిమీద వెళ్ళండి. లెక్కలు వచ్చినవారు లెక్కలు చూడండి. కుళాయి బాగుచెయ్యడం వచ్చినవారు కుళాయి బాగుచెయ్యండి. పిల్లలను ఆడించడం మీ పని కాదు. లేదా ఒక ఏడాదికి తక్కువ కాకుండా వెళ్ళండి. రెండు వేసవులు చూసి, ఒక కోతల కాలం దాటి, జూన్‌లో ఎంతమంది తిరిగివచ్చారో లెక్కపెట్టి అప్పుడు రాయండి. ఆ టపా నేను అందరికంటే ముందు చదువుతాను.

మా మేనకోడలికి ఇదంతా చెప్పాను. మూడు రోజులు పలకలేదు. అలిగిందనుకున్నాను. నాలుగోరోజు ఒక కాగితం పంపింది. మార్కాపురం వైపు మండలాల్లో సీజనల్ హాస్టళ్ళ వివరాలు కోరుతూ సమాచారహక్కు దరఖాస్తు. ఇంగ్లీషు బడిలో చదివిన పిల్ల, తెలుగులో రాసింది. "వలస"ను "వలశ" అని, "హాజరు"ను "హజారు" అని రాసింది. దిద్ది తిప్పి పంపాను. పది రూపాయల రుసుము సంగతి కూడా చెప్పాను.

తా.క.: ఆ హాస్టలు ఆఫీసు గదిలో నా ఫోటో ఒకటి చాలాకాలం వేలాడిందని ఆ ఊరివారొకరు తరువాత చెప్పారు. చుట్టూ టోపీల పిల్లలు, మధ్యలో నేను, చేతిలో కుంచె. ఎవరికైనా అటు వెళ్ళే పని తగిలితే, అది ఇంకా ఉంటే, దయచేసి దించెయ్యండి. వెనక గోడకు మాత్రం రంగు వెయ్యవద్దు. ఆ పని చేసే తాతగారికో, ఆయన లేకపోతే ఆయన ఇంట్లో కుంచె పట్టినవారికో చెప్పండి. కూలి నేనిస్తాను, అప్పటి బాకీతో సహా.